‘నాకూ అలాగే ఉండేది’

మనసు బాగోలేని మనిషి ఎప్పుడో ఒకప్పుడు అనే మాట: “నీకు వస్తే తెలుస్తుంది.” అందులో నిజం లేకపోలేదు. మరి ఒకసారి డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లకు పక్కవాళ్ల డిప్రెషన్ తెలిసిపోతుందా? చిన్న లెక్క వేసి చూద్దాం.

మేజర్ డిప్రెషన్‌ను గుర్తించడానికి అమెరికా మానసిక వైద్యులు తయారుచేసుకున్న కొలమానంలో 9 లక్షణాలున్నాయి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అనే రెండింటిలో ఒకటైనా ఉండి తీరాలి. మిగతా ఏడు: ఆకలిలో మార్పు, నిద్రలో మార్పు, కదలికలు మందగించడం లేదా కుదురుగా ఉండలేకపోవడం, నీరసం, తాను ఎందుకూ పనికిరాననిపించడం, ఏకాగ్రత కుదరకపోవడం, చావు ఆలోచనలు. మొత్తం కనీసం 5 లక్షణాలు రెండు వారాలపాటు ఉండి, రోజువారీ బతుకును దెబ్బతీస్తుంటే డిప్రెషన్ అంటారు. మొదటి రెండూ ఉంటే మిగతా ఏడింటిలో మూడైనా కావాలి. అలా 99 రకాలుగా కుదురుతుంది. రెండింటిలో ఒక్కటే ఉంటే మిగతావాటిలో నాలుగైనా కావాలి. ఆ రెండింటిలో ఏది ఉన్నా 64 రకాలు, అంటే మొత్తం 128. కలిపితే 227.

ఒకే జబ్బు పేరు, 227 రూపాలు. ఇద్దరు రోగుల మధ్య ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండవచ్చు. ఆ ఒక్కటీ నిద్రే అనుకోండి. ఒకరికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, ఇంకొకరు మధ్యాహ్నం పన్నెండైనా మంచం దిగలేరు.

చెవుల్లో మాటలు వినబడే జబ్బులోనూ అంతే. మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ బృందం కాలిఫోర్నియాలో, చెన్నైలో, ఘనా రాజధాని అక్రాలో 20 మంది చొప్పున అలాంటివారితో మాట్లాడి 2015లో ఫలితాలు ప్రకటించింది. అమెరికన్లు ఎక్కువగా హింస, యుద్ధం గురించిన గొంతులు విన్నారు. చెన్నైలో చాలామందికి వినబడింది అయినవాళ్ల గొంతులే. ఆ పని చెయ్యి, ఈ పని చెయ్యి అని ఇంట్లో పెద్దవాళ్లలా చెప్పేవి. కాలిఫోర్నియా రోగి తన అనుభవాన్నే కొలబద్ద చేసుకుంటే చెన్నై రోగి అర్థం కాడు.

పైగా అనుభవం మనసును మెత్తబరుస్తుందన్న హామీ కూడా లేదు. 2015లోనే అమెరికాలో వెలువడిన మరో పరిశోధనలో, నిరుద్యోగాన్ని దాటొచ్చినవాళ్లు అదే కష్టంలో ఓడిపోయి తప్పుదారి పట్టిన మనిషిమీద తక్కువ జాలి చూపారు. ఆ కష్టం ఎన్నడూ పడనివాళ్లే ఎక్కువ జాలిపడ్డారు. “నేను తట్టుకోలేదా?” అన్న ప్రశ్న అడ్డొస్తుంది. దాటొచ్చాక అప్పటి బరువు పూర్తిగా గుర్తుండదు, దాటామన్నదే గుర్తుంటుంది.

“నాకూ అలాగే ఉండేది, వాకింగ్ మొదలుపెట్టాక పోయింది” అన్న క్షణం నుంచి మాట ఎదుటి మనిషిని వదిలి మనవైపు తిరుగుతుంది. “నాకు ఈ మాత్ర పనిచేసింది, నువ్వూ వేసుకో” అంటే అది ఇంకా ప్రమాదం. ఒకప్పుడు దిగులు, ఇంకొకప్పుడు ఉన్మాదం, అంటే అదుపు తప్పిన ఉత్సాహం వచ్చే బైపోలార్ జబ్బులోని దిగులు పైకి మామూలు డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. వాళ్లకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే పడితే ఉన్మాదంలోకి వెళ్లే ముప్పుంది.

అదే మాట సరిగ్గా పనికొచ్చే చోటు ఒకటుంది. డిప్రెషన్ మాత్రలతో మొదటి వారంలోనే వికారం, తలనొప్పి రావచ్చు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ మధ్య రోజుల్లోనే చాలామంది మందు మానేస్తారు. “నాకూ మొదట కడుపులో తిప్పింది, తర్వాత తగ్గింది. డాక్టర్‌ను అడక్కుండా ఆపకు” అని ఆ దారిలో నడిచొచ్చిన మనిషి చెబితే వచ్చే ధైర్యం వేరు.

మిగతాచోట్ల కావలసింది ఓపికగా అడగడం. మన దగ్గర చాలామంది ఒళ్లు నొప్పులనో, నీరసమనో, గుండెదడనో చెప్పుకుంటూ వస్తారు. “డిప్రెషనా?” అంటే కాదంటారు. “నిన్న ఎన్నింటికి మెలకువ వచ్చింది? లేచాక మంచం దిగడానికి ఎంతసేపు పట్టింది? అన్నం రుచి తెలిసిందా? ఇష్టంగా చేసే పని ఎప్పటినుంచి మానేశారు?” అంటే ఒక్కొక్కటే బయటికొస్తుంది. జవాబు ఆలస్యమైతే ఆగాలి, మనం పూరించకూడదు. వాళ్లు గుబులు అంటే మనం దిగులు అని మార్చుకోకూడదు. గుబులులో ఏదో జరగబోతోందన్న భయం ఉంటుంది, దిగులులో బరువు ఉంటుంది. వైద్యుడికి ఈ తేడా ముఖ్యం.

ఈ పని నేర్చుకోవచ్చనడానికి గోవాయే రుజువు. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్ర డిప్రెషన్ ఉన్నవారితో 6 నుంచి 8 సార్లు కూర్చోబెట్టారు. మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టించడమే వాళ్ల వైద్యం. మూడు నెలలకు 64 శాతం మంది తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో అది 39 శాతం.

నోరు పెగలని ప్రశ్న ఒకటి మిగిలింది: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. పరిశోధనల్లో అలా తేలలేదు. సూటిగా అడగండి. అవునంటే, ఎలా అనుకున్నారో, ఎప్పుడో కూడా అడగండి. ఇంట్లో పురుగుమందు డబ్బా, మాత్రల సీసాలు ఉంటే ఆ పూటే అక్కడినుంచి తీసేయండి. మనిషిని ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చునే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనూ మాట్లాడతారు. తెల్లారగానే ఆసుపత్రికి తోడు వెళ్లండి. ముప్పు ముంచుకొస్తోందనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.