మోకాళ్లు మొరాయిస్తే వ్యాయామం మానేయాలా? అపోహలు, వాస్తవాలు

ఫిజియోథెరపిస్టుగా నేను రోజూ వినే మొదటి మాట ‘గుజ్జు అరిగిపోయింది’. ఎక్స్‌రే కవరు బల్ల మీద పెట్టకముందే ఆ మాట వచ్చేస్తుంది. ఈ మధ్య దానికి తోడు ఇంకోటి వినిపిస్తోంది: ‘బరువు తగ్గితే నొప్పులు పోతాయన్నారు. తగ్గాను. పోలేదు. ఇప్పుడు ఏమి చేయమంటారు?’

బరువు తగ్గడానికి చేసే కడుపు ఆపరేషన్ (బేరియాట్రిక్ సర్జరీ)తోనో, అందుకే వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్లతోనో, ఏళ్ల తరబడి నోరు కట్టుకునో 20, 30 కిలోలు దించుకున్నవారు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. నడవమంటే నడుస్తారు, సాయంత్రానికి మోకాలు వాస్తుంది. జిమ్‌కు వెళ్తే అక్కడి కుర్రాడు గుంజీలు తీయమంటాడు. రెండు వారాలు చూసి ఇంట్లో కూర్చుంటారు.

పోయిన ఏడాది మా దగ్గరికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి సంగతి మధ్యమధ్యలో చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. కడుపు ఆపరేషన్ తర్వాత 118 కిలోల నుంచి 84కు దిగారు. రెండు మోకాళ్లూ నాలుగో గ్రేడు, అంటే ఎక్స్‌రేలో ఎముకకూ ఎముకకూ మధ్య సందు దాదాపు కనిపించని దశ. కాళ్లు విల్లులా బయటికి వంగాయి. కీలు మార్పిడి తప్పదని సర్జన్ చెప్పారు. ఇంట్లో పరిస్థితుల వల్ల ఆవిడ ఏడాది వాయిదా వేసుకున్నారు. ‘ఈ ఏడాదంతా కుర్చీకి అతుక్కుపోవాలా అమ్మా?’ అన్నారు మొదటి రోజు.

అపోహ: బరువు తగ్గితే మోకాళ్లు వాటంతటవే బాగుపడతాయి

సగం నిజం. జర్మనీలో కృత్రిమ మోకాలి కీలులోనే సెన్సర్లు అమర్చి కొలిచారు. మామూలు నడకలో అడుగడుగుకూ శరీర బరువుకు రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు మోకాలి మీద పడుతుంది. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో అధిక బరువున్న పెద్దవారి మీద జరిగిన పరిశోధన తేల్చింది. కాబట్టి తగ్గిన ప్రతి కిలో లాభమే, అందులో వాదన లేదు.

చిక్కు ఇంకోచోట ఉంది. పోయిన బరువంతా కొవ్వు కాదు. వ్యాయామం లేకుండా వేగంగా బరువు తగ్గినవారిలో కండ కూడా గణనీయంగా పోతుంది. మోకాలిని పట్టి నిలిపేది తొడ ముందు కండరం. అది సన్నబడితే తగ్గిన భారాన్ని కూడా మోసేవారు లేరు.

టీచరమ్మను మంచం మీద కాళ్లు చాపి కూర్చోమని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని కిందికి అదమమన్నాను. నా వేళ్లు తొడ మీద, మోకాలి చిప్పకు కాస్త పైన ఉన్నాయి. ఆవిడ పళ్లు బిగించారు, భుజాలు బిగించారు, ఊపిరి కూడా బిగబట్టారు. నా వేళ్ల కింద మాత్రం కండరం ఒక్కసారి రెపరెపలాడి ఊరుకుంది. ఆవిడ బద్ధకం కాదది. కీలులో 20, 30 మిల్లీలీటర్ల నీరు చేరినా చాలు, తొడ కండరానికి వెళ్లే ఆజ్ఞను నాడీ వ్యవస్థ తగ్గించేస్తుంది. అంటే వాచిన మోకాలితో ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరం పూర్తిగా పని చేయదు. అందుకే మా మొదటి పది రోజులూ వాపు మీదే గడిచాయి. ఐస్, కాలు ఎత్తులో పెట్టడం, నడక సగానికి తగ్గించడం, గంటకోసారి ఆ తువ్వాలును అయిదు సెకన్ల పాటు అదమడం పదిసార్లు. పదకొండో రోజుకు కండరం రాయిలా కాకపోయినా, పచ్చి జామకాయలా తగిలింది.

ఇంకో మాట. రాత్రి మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకునే అలవాటు మానండి. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగిన చోటే బిగుసుకుంటుంది. పూర్తిగా చాపుకోని మోకాలితో నిలబడితే తొడ కండరానికి క్షణం విశ్రాంతి ఉండదు. వంగడం కంటే ముందు చాపడం తిరిగి తెచ్చుకోవాలి. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, అందరూ వదిలేసేదీ ఇదే.

అపోహ: గుజ్జు అరిగింది కాబట్టి కదిలిస్తే ఇంకా అరుగుతుంది

ఈ ‘గుజ్జు’ అన్న మాట మనకు చాలా అన్యాయం చేసింది. చింతపండు గుజ్జులా ఏదో ఉంటుందనీ, వాడినకొద్దీ అయిపోతుందనీ మనసులో ముద్ర పడిపోయింది. ‘ఆయిల్ అయిపోయింది’ అనేవారూ ఉన్నారు. ఉన్నది మృదులాస్థి. ఎముక చివర నున్నగా, గట్టిగా అంటుకుని ఉండే పొర. దానికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుంచే పోషణ అందాలి. బరువు పడినప్పుడు ఆ పొర అణిగి, తీసినప్పుడు తిరిగి ఉబ్బుతూ స్పాంజిలా ద్రవాన్ని వదిలి పీల్చుకుంటుంది. కదలిక లేకపోతే ఆ రాకపోకలు మందగిస్తాయి. బండి టైరు తిరిగినకొద్దీ అరుగుతుంది గానీ, మోకాలు ప్రాణమున్న కణజాలం. తగిన మోతాదులో పని పెడితే తట్టుకోవడం నేర్చుకుంటుంది.

అలాగని వ్యాయామంతో పోయిన పొర తిరిగి వస్తుందని చెప్పను. నాలుగో గ్రేడులో రాదు. వస్తుందని చెప్పి పొడులూ నూనెలూ అమ్మేవారిని నమ్మకండి. కీళ్ల నొప్పులకని అమ్మే గ్లూకోసమైన్ మాత్రల విషయంలోనూ 2006లో అమెరికాలో 1,583 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా తేలలేదు. మృదులాస్థికి నాడులు లేవు కాబట్టి నొప్పి నేరుగా దానిలోంచి రాదు. దాని కింది ఎముక, కీలు లోపలి పొర, చుట్టూ ఉన్న కండరాలూ నరాలూ నొప్పి పుట్టిస్తాయి. అందుకే ఎక్స్‌రే ఘోరంగా ఉన్నవారు సంతకు నడిచి వెళ్తారు, ఎక్స్‌రే బాగున్నవారు కుంటుతారు. వ్యాయామం పని చేసేది ఈ చుట్టుపక్కల వ్యవస్థ మీద.

అపోహ: నొప్పి వస్తే వెంటనే ఆపేయాలి. దీని కవల అపోహ: నొప్పి భరిస్తేనే ఫలితం

రెండూ తప్పే. రెండూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి, మొదటిది కూతురి నోట, రెండోది అల్లుడి నోట.

డెన్మార్క్‌లో 2013లో మొదలై చాలా దేశాలకు పాకిన మోకీళ్ల వ్యాయామ కార్యక్రమం ఒకటుంది. దాని సూత్రం సులువు. సున్నా నుంచి 10 దాకా నొప్పికి మార్కులు వేయండి. చేస్తున్నప్పుడు 5 దాకా ఫరవాలేదు. అయితే 24 గంటల్లోపల అది మామూలు స్థాయికి దిగిపోవాలి. నేను దీన్ని ఇలా చెబుతాను: మరునాడు పొద్దున మంచం దిగి బాత్రూముకు వెళ్లే మొదటి పది అడుగులే మీ పరీక్ష. ఆ అడుగులు ఎప్పటిలాగే ఉంటే మోతాదు సరిపోయినట్టు. నిన్నటికన్నా కష్టంగా ఉంటే, లేదా మోకాలు వాస్తే, మోతాదు సగం చేయండి. మానేయకండి.

మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి బిగుసుకుని కదలకపోయినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా ఈ లెక్కలేవీ చూసుకోవద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే క్షణం ఆలస్యం చేయవద్దు.

అపోహ: వ్యాయామమంటే నడకే, అదీ పదివేల అడుగులు

పదివేల సంఖ్య ఏ వైద్యుడూ తేల్చింది కాదు. 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరం అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. మన పార్కుల్లో అది వేదవాక్యమైంది.

గుండెకు మీరు ఏ అవయవంతో పని చేయిస్తున్నారో తెలియదు. ఊపిరి కాస్త వేగం కావాలి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. అదే మధ్యస్థ శ్రమ. వారానికి 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కనీసం పది నిమిషాల ముక్కలుగా చేయాలన్న పాత షరతును 2020లో తీసేశారు. నాలుగు నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుంది.

టీచరమ్మ కుర్చీతో మొదలుపెట్టారు. చేతులు లేని గట్టి కుర్చీ, గోడకు ఆనించి. లీటరు నీళ్ల సీసా చేతికొకటి, అంటే చెరో కిలో. ముందుకు గుద్దడం, పైకెత్తడం, పక్కలకు చాపడం. కాళ్లు మాత్రం కూర్చునే కవాతు. మొదటి రోజు మూడు నిమిషాలకే చెమట పట్టింది. ‘కూర్చుని చేసేదానికి ఇంత ఆయాసమా!’ అని ఆశ్చర్యపోయారు. నెలకల్లా ఉదయం రేడియోలో వార్తలు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా చేసేవారు.

తరువాతది సైకిలు, కదలనిది. తేలికగా తొక్కితే మోకాలి మీద పడేది శరీర బరువుకు కాస్త పైన మాత్రమే, నడకలో సగం కూడా కాదు. కానీ పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 105, 110 డిగ్రీలు వంగాలి. చాలామందికి అంత వంగదు. బలవంతంగా తిప్పి, పైకి వచ్చేటప్పుడు తుంటిని ఎగరేస్తూ నడుము నొప్పి తెచ్చుకుంటారు. వంగకపోతే తిప్పవద్దు. ముందుకు సగం, వెనక్కి సగం, ఊయలలా ఊపండి. కొన్ని వారాల్లో ఒక రోజు దానంతటదే చుట్టు తిరుగుతుంది. సీటు ఎత్తుగా ఉండాలి, పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. బిగువు తక్కువ పెట్టండి.

నీళ్లు దొరికితే అదృష్టం. నడుము లోతులో నిలబడితే కాళ్ల మీద సగం బరువే ఉంటుంది. ఛాతీ లోతులో మూడో వంతు. ఈత రానక్కరలేదు, నడిస్తే చాలు. ముందుకు, వెనక్కి, పక్కకు. ఈత వచ్చినవారు కప్పలా కాళ్లు విసిరే ఈత మానాలి, ఆ మెలిక మోకాలికి పడదు. పూల్‌కు డబ్బు కట్టేముందు ఒకటి చూసుకోండి: బయటికి వచ్చే దారి. చాలాచోట్ల నిలువు ఇనుప నిచ్చెన మాత్రమే ఉంటుంది. నీళ్లలో తేలిగ్గా ఉన్న శరీరం ఆ నిచ్చెన రెండో మెట్టు దగ్గర ఒక్కసారిగా పూర్తి బరువుకు వస్తుంది. వెడల్పాటి మెట్లు, పట్టుకునే కమ్మీ ఉన్న పూల్ అయితేనే చేరండి. మా ఊళ్లో అలాంటిది ఒకటుంది. అందులో ఆడవారికి కేటాయించిన సమయం మధ్యాహ్నం రెండు గంటలకు, నడి ఎండలో. టీచరమ్మ రెండుసార్లు వెళ్లి దణ్ణం పెట్టేశారు.

అపోహ: కింద కూర్చుని లేస్తుంటే, వజ్రాసనం వేస్తుంటే కీళ్లు వదులవుతాయి

ఆరోగ్యమైన మోకాలికి వజ్రాసనం మంచిదే. నాలుగో గ్రేడు మోకాలిని అంతగా మడిచి దాని మీద కూర్చోవడం వేరే సంగతి. కింద కూర్చోలేకపోవడం మన ఇళ్లలో అవమానంగా అనిపిస్తుంది, పూజలోనూ పంక్తిలోనూ. ఎత్తు పీట వేయించుకోండి, దేవుడేమీ అనుకోడు.

అపోహ: కర్ర పట్టుకుంటే ముసలివారమైనట్టే

పట్టుకున్నవారిలోనూ చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. ఎదుటి చేతిలో ఉండాలి. కుడి మోకాలు నొప్పయితే ఎడమ చేతిలో. నిలబడి చేయి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి.

అపోహ: తక్కువ తింటున్నాను, అదే చాలు

కండకు ముడిసరుకు కావాలి. కడుపు ఆపరేషన్ తర్వాత సాధారణంగా రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తినమంటారు. మన భోజనంలో అంత రావడం తేలిక కాదు. గుడ్డులో సుమారు 6 గ్రాములే, 100 గ్రాముల పెరుగులో మూడు నాలుగు. పప్పుచారులో పప్పు కంటే నీళ్లే ఎక్కువ. అందుకే అన్నం కంటే ముందు గట్టి పప్పు, గుడ్డు, చేప, పనీర్, మీల్ మేకర్‌లలో ఏదో ఒకటి తినండి. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడగకుండా పెంచకూడదు. బరువు తగ్గాక పాత మోతాదులోనే బీపీ, షుగర్ మందులు వాడుతూ వ్యాయామం చేసి కళ్లు తిరిగి పడినవారిని చూశాను. మోతాదు మళ్లీ చూపించుకోండి.

అపోహ: ఎలాగూ ఆపరేషన్ తప్పదు, అప్పటిదాకా వ్యాయామం దండగ

దీని మీద నాకు కోపం వస్తుంది. మార్చేది కీలును. తొడ కండరాన్ని ఎవరూ మార్చరు, అది మీ వెంటే ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది, మీ వెంటే దిగుతుంది. ముందు బలంగా ఉన్నవారు సాధారణంగా తరువాతా త్వరగా లేచి నడుస్తారు.

దీనికి నేను పెట్టుకునే ఒకే ఒక్క వ్యాయామం కుర్చీలోంచి లేవడం. కుర్చీ మీద రెండు గట్టి దిండ్లు వేస్తాను. సీటు ఎత్తు పెరిగినకొద్దీ మోకాలి మీద భారం తగ్గుతుంది. పాదాలు కాస్త వెనక్కి, ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చేదాకా ఒంగాలి, అప్పుడు తుంటితో లేవాలి. చాలామంది నిటారుగా ఉండి మోకాళ్లతో లేవబోతారు, అక్కడే కలుక్కుమంటుంది. కూర్చునేటప్పుడు ధబీమని పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. దిగడంలోనూ కండ పెరుగుతుందని ఎంత చెప్పినా జనం నమ్మరు. వరసగా పన్నెండుసార్లు సులువుగా వచ్చాక ఒక దిండు తీసేస్తాను.

ముప్ఫై సెకన్లలో చేతుల సాయం లేకుండా ఎన్నిసార్లు లేచారన్నది మా కొలత. టీచరమ్మ మొదటి రోజు మామూలు కుర్చీలోంచి ఒక్కసారీ లేవలేకపోయారు. రెండు దిండ్ల మీద నాలుగు వచ్చాయి. మొదటి దిండు ఆరో వారంలో తీశాను, రెండోది నాలుగో నెలలో. ఎనిమిదో నెలలో మామూలు కుర్చీలోంచి తొమ్మిది. ఆ వయసుకు అది ఇంకా తక్కువే. కాళ్ల వంకర అలాగే ఉంది, మెట్లు దిగడం ఇప్పటికీ ఒక్కొక్క మెట్టే.

కుడి మోకాలి ఆపరేషన్ తేదీ వచ్చే నెలలో ఉంది. మొన్న ఫోన్ చేసి అడిగారు: ‘ఆస్పత్రిలో కుర్చీలు ఎంత ఎత్తుంటాయమ్మా? నా దిండు తీసుకెళ్లనా?’