చేపకు సరిపోయిన లెక్క రొయ్యకు సరిపోతుందా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లో వరి మడీ రొయ్యల గుంటా ఒకే నీళ్ల దారి మీద బతుకుతున్నాయి. ఎడగారు (రెండో పంట) పైరులో ఆకుముడత పురుగు కనబడితే మందు కొడతారు. వాన పడిందంటే ఆ మడి నీళ్లు మురుగు కాలువలోకి, అక్కడి నుంచి ఉప్పు కాలువలోకి దిగుతాయి. గుంటలకు నీళ్లు తోడుకునేదీ అటువైపు నుంచే. అందుకే పై పొలాల్లో కొత్త మందు వచ్చినప్పుడల్లా రొయ్యల రైతుకు టెన్షన్. రొయ్యకు ఏమన్నా అవుతుందా అని దుకాణంలో అడిగితే, ‘ఇది పాత మందు లాంటిదే, ఏం కాదు’ అంటారు.

ఆ జవాబును పూర్తిగా కొట్టిపారేయలేం. పరీక్షించని రసాయనం నీటి ప్రాణులకు ఎంత ప్రమాదమో, పరీక్షించినదాని పోలికతో అంచనా వేయడాన్ని రీడ్-అక్రాస్ అంటారు. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకున్న పద్ధతే ఇది. కాకపోతే దుకాణంలో సగమే చెబుతారు. రెండో సగం, అంటే పోలిక ఎందుకు కుదిరిందో చూపడం, అక్కడ ఉండదు.

ఇలాంటి పోలిక మన రైతులకు కొత్తేమీ కాదు. సీడ్ (రొయ్య పిల్లలు) వదలకముందు గుంటలో మిగిలిన చేపల్ని చంపడానికి ఇప్పచెక్క, అంటే ఇప్ప గింజల నుంచి నూనె తీయగా మిగిలింది, వేసేవారు. తర్వాత తేయాకు జాతి గింజల చెక్క, టీ సీడ్ కేక్ వచ్చింది. చెట్లు వేరు, పనిచేసే పదార్థం మాత్రం రెండింటిలోనూ సాపోనిన్లే. అవి చేప మొప్పల్ని దెబ్బతీస్తాయి, ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. రొయ్యకు ఆ కణాలే లేవు. అందుకే చేప తేలిపోయే మోతాదులో రొయ్య మామూలుగా తిరుగుతుంది. ఒక చెక్కను చూసి రెండోదాని పని చెప్పొచ్చు కానీ, చేపను చూసి రొయ్య సంగతి చెప్పలేం.

శాస్త్రంలో ఈ ఆలోచనకు నూరేళ్లు దాటింది. 1899లో జర్మనీలో మేయర్, 1901లో జ్యూరిచ్‌లో ఓవర్టన్ ఎవరికి వారే ఒక సంగతి గమనించారు. కొవ్వులో ఎంత బాగా కరిగితే ఆ రసాయనం అంత తక్కువ మోతాదులోనే ప్రాణిని మత్తులో ముంచుతుంది. ఓవర్టన్ దీన్ని కప్ప పిల్లల మీద చూశాడు. 1960ల్లో అమెరికాలో కార్విన్ హాన్ష్ అణువు నిర్మాణానికీ దాని ప్రభావానికీ మధ్య సమీకరణాలు కట్టాడు. 1981లో నెదర్లాండ్స్‌లో కోనెమాన్ 50 పారిశ్రామిక రసాయనాలను గప్పీ చేపల మీద పరీక్షించి, కొవ్వులో కరిగే గుణం ఒక్కటి తెలిస్తే చావు మోతాదు చాలావరకు చెప్పొచ్చని చూపాడు. దోమల లార్వాల కోసం మన కాలువల్లో వదిలే గప్పీలే అవి.

ఈ లెక్కలు ప్రభుత్వ కార్యాలయాలకు చేరడానికి కారణం అవసరం. అమెరికా 1976 చట్టం కింద కొత్త రసాయనం తయారుచేసే కంపెనీ ముందు నోటీసు ఇస్తే చాలు, పరీక్షలు చేసి తేవాలన్న నిబంధన లేదు. 90 రోజుల్లో పర్యావరణ సంస్థ తేల్చాలి. చేతిలో డేటా లేదు కాబట్టి దగ్గరి రసాయనాల డేటాతో అంచనా కట్టడం మొదలైంది. యూరప్‌లో 2007లో అమల్లోకి వచ్చిన రీచ్ చట్టం, చేపల వంటి వెన్నెముక ఉన్న జంతువుల మీద పరీక్ష చివరి మార్గంగానే ఉండాలంది. దాంతో కంపెనీలు పోలికల దస్త్రాలు విపరీతంగా పెట్టాయి. వాటిని ఎలా తూచాలో చెబుతూ యూరప్ రసాయనాల సంస్థ 2015లో ఒక చట్రమే తయారుచేయాల్సి వచ్చింది. నిర్మాణం ఒకేలా ఉందంటే సరిపోదు. శరీరంలో పనిచేసే తీరు ఒకటేనా, విరిగితే ఏమవుతుంది, ఏ ప్రాణి మీద చూశారు, అన్నీ చెప్పాలి.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ అమెరికాలోని లూసియానా. అక్కడ వరి, రొయ్య వర్గానికే చెందిన క్రాఫిష్ ఒకే నీటిలో పెరుగుతాయి. వరి మందుల్ని క్రాఫిష్ మీద పరీక్షించిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. సగం చావడానికి లాంబ్డా సైహలోత్రిన్ లీటరు నీటికి 0.16 మైక్రోగ్రాములు చాలింది, ఎటోఫెన్‌ప్రాక్స్ 0.29. నిర్మాణంలో తేడా ఉన్నా నరాల మీద రెండూ ఒకే చోట పనిచేస్తాయి కాబట్టి పోలిక నిలబడింది. నియోనికోటినాయిడ్లు అనే మరో పురుగుమందుల కుటుంబం దగ్గర మాత్రం అలా జరగలేదు. అదే లెక్కలో క్లోథియానిడిన్ 59, థయామెథాక్సామ్ 967, డైనోటెఫ్యూరాన్ 2,032. ఒకే కుటుంబంలో ముప్ఫై రెట్లకు పైగా తేడా! పైగా థయామెథాక్సామ్ నేలలో విరిగి క్లోథియానిడిన్‌గా మారుతుంది. మెతకదనుకున్నది కాలువలోకి దిగేసరికి గట్టిదైపోవచ్చు.

సీసా మీది త్రికోణం ఇక్కడ ఏ సాయమూ చేయదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఎలుకల వంటి ప్రయోగ జంతువుల మీద వచ్చిన ఫలితాలను బట్టి, మనిషి జాగ్రత్త కోసం పెట్టినవి. ఆకుముడతకు కొట్టే క్లోరాంట్రానిలిప్రోల్‌కు ఆకుపచ్చ త్రికోణం ఉంటుంది. ఎలుకలకు కిలో బరువుకు 5,000 మిల్లీగ్రాములు పెట్టినా చావు మోతాదు కాలేదు. డాఫ్నియా అనే చిన్న నీటి ప్రాణుల్లో సగం కదలకుండా పోవడానికి మాత్రం లీటరుకు దాదాపు 12 మైక్రోగ్రాములే చాలు. క్రాఫిష్ సగం చావడానికి 951 కావాలి. డాఫ్నియా, క్రాఫిష్ రెండూ పీత, రొయ్యల వర్గానివే. మరి మన గుంటల్లో పెంచే వనామీ రొయ్య ఈ రెండింట్లో దేనికి దగ్గర? పోలిక చెప్పేవారు జవాబివ్వాల్సిన ప్రశ్న ఇదే.

వనామీ సాగుకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. చెన్నైలో ఉప్పునీటి సాగు మీద పరిశోధనలు చేసే కేంద్ర సంస్థ సిబా 1987 నుంచీ ఉంది. వనామీ పిల్లల మీద 96 గంటల పరీక్షకు మహా యంత్రాలేమీ అక్కర్లేదు. పెన్నా డెల్టా వరిలో ఎక్కువగా వాడే మందుల్లో ఒక్కో వర్గం నుంచి కనీసం రెండింటిని పరీక్షించి, ఆ అంకెల్ని సీసాతో వచ్చే కరపత్రంలో తెలుగులో అచ్చువేయాలి. అప్పుడు మిగతా మందుల గురించి ‘అలాంటిదే’ అనే మాటకు ఆధారం ఉంటుంది.