చెరువు నీళ్లు, స్టైరీన్ ట్యాంకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన వేసవిలో చెరువులో దిగి, "తాతయ్యా, పైన నీళ్లు వెచ్చగా ఉన్నాయి, కాళ్ల దగ్గర చల్లగా ఉన్నాయి!" అని అరిచారు, గుర్తుందా? ఆ మాటే పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2020 మే 7. తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం మంచి నిద్రలో ఉన్నారు. పక్కనే ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషపు ఆవిరి ఊరి మీదకు వచ్చింది. లేచి పరిగెత్తినవాళ్లు రోడ్ల మీదే కుప్పకూలారు. 12 మంది చనిపోయారు.

ఆ ఆవిరి స్టైరీన్‌ది. మీ స్కూలు ప్రాజెక్టులకు కొనే థర్మోకోల్ దానితోనే చేస్తారు. వేడి తగిలితే స్టైరీన్ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు కడతాయి. అలా కట్టేటప్పుడు మళ్లీ వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా జోరుగా కడతాయి. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, గొలుసు కట్టనివ్వని మందు కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగింది కానీ, ట్యాంకులో వెయ్యి టన్నులకు పైగా స్టైరీన్ ఎండల్లో అలాగే ఉండిపోయింది.

తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ ఏం తేల్చిందో తెలుసా? ఆ ట్యాంకులో వేడిని కొలిచే సాధనం అడుగునే ఉంది. అడుగున చల్లగా ఉంటే లోపలంతా చల్లగానే ఉందనుకున్నారు. పైన మాత్రం ఉడికిపోతోంది. మీ చెరువే! సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ ఎవరూ నొక్కలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

1984 డిసెంబరులో భోపాల్‌లో ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై వేలమంది పోయాక మన దేశంలో చట్టాలు గట్టిపడ్డాయి. 1989 నిబంధనల ప్రకారం, ఇలాంటి ప్రమాదకర రసాయనాలు భారీగా నిల్వ ఉంచే ఫ్యాక్టరీ ఆరు నెలలకోసారి లోపల మాక్ డ్రిల్ చెయ్యాలి. బయట ఊరివాళ్లకు ఏం ప్రమాదం రావచ్చో, వస్తే ఏం చెయ్యాలో ముందే చెప్పాలి. ట్రెవర్ క్లెట్జ్ అనే బ్రిటన్ ఇంజనీరైతే 1978లోనే ఇంకా సూటిగా చెప్పాడు: నీ దగ్గర లేనిది లీకవదు. అంటే, అవసరానికి మించి విషం నిల్వ పెట్టుకోవద్దని. నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే.

మీ బడికి దగ్గర్లో కూడా ఫ్యాక్టరీ ఉందిగా. అందులో ఏం నిల్వ ఉంచుతారో, సైరన్ ఎలా మోగుతుందో, మోగితే ఎటు వెళ్లాలో మీ సైన్స్ టీచర్‌ని అడగండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.

మీ తాతయ్య