పంపుషెడ్డు మిగిలింది, మోటారు పోయింది

ఒడిశాలో గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున పొలాలకు నీళ్లు తోడే ఒక పంపుషెడ్డు ఉంది. లోపలికి తొంగి చూస్తే సిమెంటు దిమ్మ, దానికి తుప్పు పట్టిన నాలుగు బోల్టులు. వైండింగ్ కాలిందని మోటారును రిపేరుకు తీసుకెళ్లారు. డబ్బు పోగవక అది షాపులోనే ఉండిపోయింది. రాయగడ, గజపతి జిల్లాల్లో తిరిగితే ఇలాంటి షెడ్లు ఇంకా తగులుతాయి.

రైతులకు పట్టింపు లేదని తేల్చేయడం అన్యాయం. ఈ కథ పాతది.

1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది. చెరువు కట్టలు, కాలవలు ఊరివాళ్లే బాగుచేసుకోవాలి. దాన్ని కుడిమరామత్తు అనేవారు. 1858లో దానికి చట్టం కూడా వచ్చింది. అవి మంచి రోజులని నేను అనను, ఆ పనిలో వెట్టి ఉంది. అయితే గండి పడితే మట్టి ఎవరు వేయాలో అందరికీ తెలుసు. 1950ల్లో జమీందారీలు రద్దయి చెరువులు సర్కారు చేతికి వచ్చాక ఆ పద్ధతి పోయింది, దాని చోట ఇంకొకటి రాలేదు.

1973లో ఒడిశా సర్కారు నదుల నీళ్లు పొలాలకు తోడే ఎత్తిపోతల కార్పొరేషన్ పెట్టింది. ఆపరేటరు, కరెంటు బిల్లు, రిపేరు అన్నీ సర్కారువే. తర్వాత బయటి డబ్బు వచ్చింది. 1980ల చివర్లో రాయగడ జిల్లా కాశీపూర్‌కు ఐక్యరాజ్యసమితి వారి వ్యవసాయాభివృద్ధి నిధి సంస్థ ఐఫాడ్ డబ్బు, 1990ల్లో రాష్ట్రమంతటికీ ప్రపంచ బ్యాంకు అప్పు. ఆ అప్పుతోపాటే నీటి నిర్వహణ రైతులకు అప్పగించాలనే మాట గట్టిపడింది. 2002లో పాణి పంచాయతీ చట్టం వచ్చింది, పాణి పంచాయతీ అంటే నీళ్లు వాడుకునే రైతుల సంఘం. అప్పటిదాకా మోటారు మీద చెయ్యి కూడా వేయనివ్వని రైతుకు పాతబడ్డ మోటారు, బిల్లు పుస్తకం కలిపి ఇచ్చారు.

అసలు చిక్కు ఇక్కడే. ప్రాజెక్టు డబ్బుకు గడువు ఉంటుంది. ఆ లోపు ఎన్ని ఎకరాలకు కాలవ తవ్వారో లెక్క రాస్తారు. ఐదేళ్ల తర్వాత అందులో ఎన్ని తడిశాయో చూడడానికి ఆఫీసూ ఉండదు, జీపూ ఉండదు. కాలవ చివరి రైతుకు నీళ్లు అందవు కాబట్టి ఆయన నీటి రుసుము కట్టడు. ఆయన కట్టలేదని మధ్యలో వాళ్లు ఆపేస్తారు. బిల్లు బాకీ పడి కనెక్షన్ పోతుంది. సంఘం పుస్తకం ఒడియాలో ఉంటుంది. మన తెలుగు పెద్దవాళ్లు చాలామంది అది చదవలేరు, చూపించిన చోట వేలిముద్ర వేసి వస్తారు. ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో తెలియని లెక్కకు ఏటా డబ్బు కట్టమంటే ఎవరు కడతారు?

గంజాం, గజపతి కొండ ఊళ్లలో గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ తాగునీటి పనికి వేరే దారి పట్టింది. ఇంటికి సగటున 1,000 రూపాయల చొప్పున, ఒక్క ఇల్లు కూడా మిగలకుండా జమ చేశాకే పని మొదలు. ఒక్క ఇల్లు ఒప్పుకోకపోయినా ఆగేవారు. ఆలస్యమయ్యేది, కానీ నిర్వహణ గొడవ పైపు వేయకముందే తేలేది. సాగునీటిలో ఇంత ఓపిక పట్టినవాళ్లు తక్కువ.

గుణుపురం షెడ్డు పక్కన ఇప్పుడు ఒకాయన సొంత డీజిల్ ఇంజను పెట్టి నదిలోంచి నీళ్లు తోడుతున్నాడు. పక్క పొలాలకు గంటల లెక్కన అమ్ముతాడు. ఆ ధర పెట్టలేని కౌలు రైతులు రబీ వదిలేశారు.