ఎముకకు కట్టే సారువ

మా వైపు కాలో చెయ్యో విరిగిందంటే ముందు అందరి నోటా వచ్చే మాట పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. తిరుపతి నుంచే కాదు, తమిళనాడు నుంచి కూడా జనం దానికోసం వస్తారు. విరిగిన ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా ఉంటే ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. కానీ మా చిన్నాన్న కొడుకు బైకు మీద నుంచి పడినప్పుడు మోకీలు కిందున్న ఎముక లోపలికి కుంగి, గుల్ల ఏర్పడింది. ఖాళీని నింపడం ఏ కట్టు వల్లా కాదు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే పోవాలి.

ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు ఆ గుల్లలో నింపే తెల్లటి గింజల్ని ఒక చిన్న సీసాలో చూపించారు. నలిగిన బొరుగుల్లా ఉన్నాయి. ఒక గింజను గాజు పలక మీద పెట్టి నీటి బొట్టు ఆనిస్తే, బొట్టు కనబడకుండా పోయింది. "అంతా రంధ్రాలే. లోపల పెట్టాక రక్తాన్నీ ఇట్లాగే పీల్చుకుంటుంది" అన్నారు. పిన్ని భయం వేరు. "బయటి వస్తువు కదా సార్, ఒళ్ళు ఒప్పుకుంటుందా?"

ఆమె అడిగింది చాలా పెద్ద ప్రశ్న. 1882లో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త ఇటలీలోని మెసీనాలో నక్షత్ర చేప పిల్ల ఒంట్లో గులాబీ ముల్లు గుచ్చి చూశాడు. తెల్లారేసరికి కణాలు ఆ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. బయటి వస్తువుల్ని మింగే ఆ కణాల మీద చేసిన పనికే 1908లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. పొలంలో కాల్లో తుమ్మ ముల్లు విరిగి వాచిన వాళ్ళందరికీ ఆ కణాల పని తెలుసు.

మరి ఈ గింజల్ని చూసి అవి ఏం చేస్తాయి? ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజమే. గింజలదీ దాదాపు అదే రసాయనం. ఒంట్లో పెట్టే ఇలాంటి పింగాణీ జాతి పదార్థాల్ని బయోసిరామిక్ అంటారు. అయినా ఒళ్ళు వెంటనే నమ్మదు. లోపల పెట్టిన క్షణాల్లోనే రక్తంలోని ప్రొటీన్లు గింజకు పొరలా అంటుకుంటాయి. ఆ తర్వాత వచ్చే కణాలకు తగిలేది ఆ పొరే. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వస్తాయి. వాటి వెనకే మాక్రోఫేజ్‌లు, అంటే మెచ్నికోవ్ చూసిన మింగే కణాల కోవకు చెందినవి.

అసలు కథ మాక్రోఫేజ్‌లదే. మొదట్లో ఇవి మంట, అంటే వాపు, నొప్పి పుట్టిస్తాయి. చచ్చిన కణజాలాన్ని ఊడ్చేస్తాయి, కొత్త రక్తనాళాల్ని రమ్మని సంకేతాలు పంపుతాయి. కొన్ని రోజులకు వీటి తీరు మారి, మంట తగ్గి, ఎముక కట్టే కణాలకు ఊతమిచ్చే పదార్థాలు విడుదలవుతాయి. ఈ మార్పు వేళకు జరగాలి. జరగకపోతే మాక్రోఫేజ్‌లు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలవుతాయి. గింజల చుట్టూ పీచు పొర కట్టుకుంటుంది, ఎముక దగ్గరికి రాలేదు. అలాగని మొదటి మంటే వద్దనుకోవడమూ పొరపాటు. మాక్రోఫేజ్‌లు లేకుండా చేసిన ఎలుకల్లో విరిగిన ఎముక సరిగా అతకలేదు. షుగరు అదుపులో లేనివాళ్ళలో మంట త్వరగా చల్లారదు. వాళ్ళకు ఎముక ఆలస్యంగా అతకడానికి అదీ ఒక కారణం.

ఒకప్పుడు ఒళ్ళు పట్టించుకోని వస్తువే మంచిదనుకునేవాళ్ళు. 1969లో అమెరికాలో లారీ హెంచ్ తయారుచేసిన బయోగ్లాస్ ఆ ఆలోచనను మార్చింది. ఆ గాజు ఎలుకల ఎముకకు ఎంత గట్టిగా అతుక్కుందంటే, లాగినా ఊడి రాలేదు. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసి, మాక్రోఫేజ్‌ల తీరును మలిచేలా గింజల్ని తయారుచేస్తున్నారు. రంధ్రాలు 300 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త తక్కువగా ఉంటే రక్తనాళాలు హాయిగా లోపలికి పోతాయి. గింజ పైభాగం ఎంత గరుకుగా ఉంది, దానిలోంచి మెగ్నీషియం, సిలికాన్ లాంటివి ఎంత మెల్లగా కరుగుతున్నాయి అన్నవాటిని బట్టి కూడా ఆ కణాల తీరు మారుతుంది. సన్నని పొడిగా రాలితే మాత్రం మంట మళ్ళీ రగులుతుంది.

నాకు బాగా నచ్చేది ఇంకొకటి. మేస్త్రీలు గోడ లేచాక సారువ విప్పేస్తారు కదా, ఇక్కడ గింజలే సారువ, దాన్ని విప్పే పని ఎముకను కొరికే కణాలైన ఆస్టియోక్లాస్ట్‌లది. ఇవి మాక్రోఫేజ్‌ల వంశంలోవే. గింజను కొరుకుతూ పోతే, వెనకే కొత్త ఎముక పడుతుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ గింజలు నెలల నుంచి ఒకటి రెండేళ్ళలో కరిగిపోతాయి, హైడ్రాక్సీ అపటైట్ గింజలు ఏళ్ళ తరబడి ఉండిపోతాయి.

ఆపరేషన్ అయిన మూడో రోజు కాలు వాచి ఉంటే పిన్నికి ఒకటే టెన్షన్. "ఇప్పుడు వాపు ఉండాలమ్మా. రోజురోజుకీ పెరిగినా, జ్వరం వచ్చినా, చీము కారినా వెంటనే రండి. మీ అంతట మీరు మాత్రలు కొని వెయ్యొద్దు" అన్నారు డాక్టరుగారు. వాపు వారం తిరిగేసరికి దిగడం మొదలుపెట్టింది.

ఏడాది తర్వాతి ఎక్స్‌రేలో గింజల అంచులు మసకబారాయి. పిన్ని దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. గింజ ఎక్కడ ఆగిందో ఎముక ఎక్కడ మొదలైందో తేల్చుకోలేక మళ్ళీ కవర్లో పెట్టేసింది.