నెట్‌లో వెతకమంటే అది అన్వేషణ అయిపోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సైన్స్ పాఠాల్లో ఆన్‌లైన్ అన్వేషణ కృత్యాలు, అంటే పిల్లలు ఒక ప్రశ్నకు తామే జవాబు వెతుక్కునే పనులు, చాలాకాలంగా చేయిస్తున్నాను. ఈ పద్ధతి గురించి తోటి టీచర్ల నుంచి తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఒక అంశం ఇచ్చి నెట్‌లో వెతకమంటే చాలు.

వాస్తవం: ‘లోలకం గురించి సమాచారం సేకరించండి’ అంటే వచ్చేది కాపీ పేస్టే. పిల్లల తప్పు కాదు, మనం అడిగిందే అది. ‘గుండు బరువు పెంచితే లోలకం త్వరగా ఊగుతుందా?’ అని అడిగి చూడండి. సిమ్యులేషన్ (స్క్రీన్ మీద చేసి చూసే ప్రయోగం) తెరవక ముందే ఎవరి అంచనా వాళ్లు నోటుబుక్కులో రాసుకోవాలి. ఇది మానేస్తే మిగతాదంతా బొమ్మలాటే. అంచనా రాసిన పిల్లలు బరువు మార్చినా ఊపుకు పట్టే టైమ్ మారకపోవడం చూసి ఆగిపోతారు, మళ్లీ చేసి చూస్తారు. నాకు కావలసింది ఆ ఆగడమే.

బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్ 1995లో వెబ్‌క్వెస్ట్‌కు (నెట్‌లోని సమాచారంతో పిల్లలు చేసే అన్వేషణ పాఠానికి) రూపం ఇచ్చినప్పుడు కూడా చూడాల్సిన లింకులు టీచరే ముందుగా ఎంచి ఇచ్చే పద్ధతి పెట్టారు. పిల్లల సమయం వెతకడానికి కాక, దొరికినదాని మీద ఆలోచించడానికి పోవాలని.

అపోహ: టీచర్ కల్పించుకోకూడదు, అంతా పిల్లలే కనుక్కోవాలి.

వాస్తవం: నష్టమంతా ఇక్కడే జరుగుతోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లను సాయం లేకుండా వదిలేస్తే బుర్ర మీద భారం పెరిగి నేర్చుకోవడం కుంటుపడుతుందని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో గట్టిగా వాదించారు. మంచి అన్వేషణలో సాయం ఉండనే ఉంటుందని మరుసటి ఏడాదే మెలో-సిల్వర్ బృందం జవాబిచ్చింది. నా క్లాసులో చూసినంత వరకు రెండు మాటలూ నిజమే. పిల్లలు బరువు, పొడవు ఒకేసారి మార్చేసి ఏదో ఒకటి తేల్చేస్తారు. అప్పుడు జవాబు చెప్పను. ‘టైమ్ మారింది దేనివల్ల? ఎలా చెప్పగలవు?’ అని అడుగుతాను. ఒక్కోసారి ఒకటే మార్చాలని వాళ్లకే తడుతుంది. తట్టకపోతే చెప్పేస్తాను, అందులో తప్పేం లేదు.

అపోహ: ప్రతి ఒక్కరికీ కంప్యూటర్, స్పీడ్ నెట్ కావాలి.

వాస్తవం: ఒక స్క్రీన్ ముందు ఇద్దరు ముగ్గురు ఉంటేనే వాదన పుడుతుంది. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లను ముందే డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా కూడా వాడుకోవచ్చు.

అపోహ: సిమ్యులేషన్ ఉంటే ప్రయోగం అక్కర్లేదు.

వాస్తవం: దారం, రాయి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ కూడా ఉండాలి. పది ఊపులు లెక్కపెట్టి పదితో ఎందుకు భాగిస్తామో స్క్రీన్ నేర్పదు, వణికే చెయ్యి నేర్పుతుంది.

అపోహ: ఇలా చేస్తే సిలబస్ పూర్తవదు.

వాస్తవం: అన్ని పాఠాలూ ఇలాగే చెప్తే నిజంగానే పూర్తవదు. మూలకాల సంకేతాలు నేరుగా చెప్పేయండి. పిల్లల్లో ముందే తప్పు నమ్మకం పాతుకుపోయిన చోట మాత్రం సమయం పెట్టండి. మీటరు పొడవున్న లోలకం ఒక ఊపుకు, అంటే ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి, 2 సెకన్లు తీసుకుంటుందని మేం తేల్చుకున్న రోజే ఒక పాప, 90 డిగ్రీల నుంచి వదిలితే 2.4 వస్తోందని చూపించింది. పొడవును బట్టి ఊపు టైమ్ లెక్కగట్టే సూత్రం చిన్న కోణాలకే వర్తిస్తుందన్న మాట ఆ పిరియడ్ ప్లానులో లేదు. మర్నాడు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాను.