బస్టాపు కార్పొరేషన్‌ది, బస్సు ఎవరిది?

2020 నవంబరులో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల ప్రచారంలో, మేయర్ పీఠం తమకు దక్కితే జనం ట్రాఫిక్ చలాన్లు కార్పొరేషనే కడుతుందని అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ అన్నారు. సిటీ బస్సుల్లో, మెట్రోలో ఆడవాళ్లకు టికెట్ ఉండదని ఆ పార్టీ మేనిఫెస్టో చెప్పింది. కాంగ్రెస్ కూడా ఉచిత ప్రయాణం హామీ ఇచ్చింది. టీఆర్ఎస్ ఎయిర్‌పోర్టు దాకా మెట్రో తెస్తామంది. కానీ చలాన్లు వేసేది పోలీసులు, బస్సులు నడిపేది ఆర్టీసీ. మెట్రో సంగతి అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వానికీ, దాన్ని కట్టిన ఎల్ అండ్ టీ కంపెనీకీ మధ్య ఒప్పందం. ఆ ఎన్నికల్లో గెలిచే 150 మంది కార్పొరేటర్లు కలిసి తీర్మానం చేసినా వీటిలో ఒక్కటీ కదలదు. ఓటు అడిగేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

హైదరాబాద్‌లో బస్సు మొదటి నుంచీ మున్సిపాలిటీ చేతిలో లేదు. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేటు మీద కనిపించే జడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం గుర్తుగా వచ్చిందని చెబుతారు. ఆ విభాగం 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వెళ్లింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. రైల్వే నుంచి సర్కారుకు, సర్కారు నుంచి ఆర్టీసీకి చేతులు మారిందే తప్ప నగరపాలక సంస్థ దగ్గరికి ఏనాడూ రాలేదు. ముంబైలో, అహ్మదాబాద్‌లో అలా జరగలేదు. 1947లోనే అక్కడి సిటీ బస్సులు కార్పొరేషన్ల చేతికి వెళ్లాయి. బస్సు ఎందుకు రాలేదని ఆ ఊళ్లలో కార్పొరేటర్‌ను నిలదీయొచ్చు.

74వ రాజ్యాంగ సవరణ వచ్చాక కూడా ఇక్కడ పరిస్థితి మారలేదు. ఆ సవరణ తెచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు 18 అంశాలున్నాయి. రోడ్లు, వంతెనలు ఉన్నాయి. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. బస్సు మాత్రం లేదు.

మాదాపూర్, కొండాపూర్ వైపు సాయంత్రం ఆరు దాటాక ఏ స్టాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. షెల్టర్ ఒకచోట ఉంటుంది, బస్సు ఇంకోచోట ఆగుతుంది. షెల్టర్ ముందు ఆటోలు, వాటి పక్కన మిర్చి బజ్జీల బండి. జనం రోడ్డు మధ్యకు వచ్చి మెడ చాచి, వచ్చేది 10హెచ్ బస్సా, 127కె బస్సా అని చూస్తుంటారు. నంబరు కనబడగానే బ్యాగులు పట్టుకుని పరుగు. పక్కనే శిల్పారామం దగ్గర 2018లో కార్పొరేషన్ ఏసీ బస్టాపు తెరిచింది. లోపల చల్లగా కూర్చునేలా, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునేలా కట్టారు. బస్సు ఎప్పుడొస్తుందన్నది మాత్రం ఆ బస్టాపు కట్టినవాళ్ల చేతిలో లేదు.

చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి 2007లో జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, ఏర్పడింది. మరుసటి ఏడాది అన్ని రవాణా సంస్థలనూ ఒక గొడుగు కిందికి తెచ్చేందుకు ఉమ్టా పేరుతో ఒక సంస్థను పెట్టారు గానీ అది కాగితం దాటి పెద్దగా పని చేయలేదు. అప్పటికే 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు రైల్వే చేతిలో ఉన్నాయి. మెట్రో కాంట్రాక్టు ముందు మేటాస్ కంపెనీకి దక్కింది, ఆ కుటుంబానికే చెందిన సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణంతో పోయింది. 2010లో ఎల్ అండ్ టీకి వెళ్లి, 2017 నవంబరులో మియాపూర్-నాగోలు రైలు కదిలింది. పాతబస్తీకి వెళ్లాల్సిన ఎంజీబీఎస్-ఫలక్‌నుమా ముక్క మాత్రం మొదటి దశలో కట్టనేలేదు.

బస్సుతో కార్పొరేషన్‌కు నిజంగా ముడిపడిన సంగతి ఒకటుంది. ప్రచారంలో ఎవరూ ఎత్తనిది అదే. సిటీ బస్సుల నష్టాన్ని జీహెచ్‌ఎంసీ భరించాలని తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో అనుకున్నారు. 336 కోట్లు ఇచ్చారు కూడా. తర్వాత ఆగిపోయింది. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగాక ఈ లెక్క హైకోర్టుకెక్కింది. కార్పొరేషన్ నుంచి 1,492 కోట్లు రావాలన్న వాదన వచ్చింది. ఇచ్చి తీరాలని చట్టంలో లేదని, డబ్బు మిగిలిన రోజుల్లో ఇచ్చామని కార్పొరేషన్ బదులిచ్చింది. సమ్మె 52 రోజులు నడిచింది. అది ముగిశాక సిటీలో దాదాపు వెయ్యి బస్సులు తగ్గించారు. సంవత్సరం తిరిగేసరికి ఎన్నికలు వచ్చాయి. ఆ వెయ్యి బస్సుల గురించి, ఆగిన డబ్బు గురించి ప్రతి డివిజన్‌లో చర్చ జరగాల్సింది. ఉచితం అన్న మాట ముందు అది వినబడలేదు.

డబ్బు అసలే లేదా అంటే, ఫ్లైఓవర్లకు దొరికింది. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మి, ఎస్సార్డీపీ అనే ఫ్లైఓవర్లు, రోడ్ల పథకం పనులకు పెట్టింది. అదే పథకంలో కట్టిన దుర్గం చెరువు తీగల వంతెనను 2020 సెప్టెంబరు 25న, పోలింగుకు రెండు నెలల ముందు తెరిచారు. వంతెన ఫొటోల్లో బాగా పడుతుంది. ఫుట్‌పాత్ పడదు. స్టాపు దాకా నడిచి వెళ్లే మనిషికి కావాల్సింది మాత్రం ఫుట్‌పాతే, అది పూర్తిగా కార్పొరేషన్ పని.

డిసెంబరు 1న పోలింగ్ జరిగింది. సగం మంది కూడా ఓటు వేయలేదు. టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 డివిజన్లు వచ్చాయి. అప్పుడు హామీగా విన్న ఉచిత బస్సు చివరికి 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకంగా రోడ్డెక్కింది. తెచ్చింది కౌన్సిల్ కాదు, అసెంబ్లీ ఎన్నికల్లో గెలిచి వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం. ఎక్కేవాళ్లు పెరిగారు. వాళ్లు నిలబడే చోటు మాత్రం ఇప్పటికీ కార్పొరేషన్‌దే.